మహమ్మారిలో టీకా: మీ ఊరికి ఏ పద్ధతి నప్పుతుంది?

2021 మే 13న మన కేంద్ర ప్రభుత్వం కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య ఎడాన్ని 6–8 వారాల నుంచి 12–16 వారాలకు పెంచింది. ఆ మర్నాడే బ్రిటన్ అదే టీకాకు, యాభై ఏళ్లు దాటినవారి విషయంలో, ఎడాన్ని 12 వారాల నుంచి 8 వారాలకు తగ్గించింది. మందు ఒకటే. భయపెట్టిన డెల్టా రకం కరోనా వైరసూ ఒకటే. నిర్ణయాలు మాత్రం ఎదురెదురు. అది చూసి "వీళ్లకేమీ తెలియదు, తోచినట్టు మారుస్తున్నారు" అని టీ కొట్టు దగ్గర తీర్పు చెప్పినవారు తిరుపతిలో తక్కువేమీ కాదు.

ఎడం పెరిగితే శరీరంలో స్పందన మెరుగ్గా ఉంటుందని ఇక్కడ అధికారికంగా చెప్పిన కారణం. అది అబద్ధం కాదు. కానీ అప్పటి పరిస్థితి కూడా చూడాలి. బ్రిటన్ అప్పటికే వయోజనుల్లో మూడింట రెండు వంతుల మందికి ఒక డోసు వేసేసింది. ఇక్కడ రెండో డోసు కోసం తెల్లవారకముందే వరుసలో నిలబడి, ఎండ నెత్తికెక్కాక ఉత్త చేతులతో ఇంటికి పోతున్నారు. అక్కడ కొరత రోజులకు: డెల్టా ముంచుకొచ్చేలోగా పెద్దలకు రెండో డోసు పడాలి. ఇక్కడ కొరత డోసులకు.

మహమ్మారి వేళ టీకా పద్ధతుల్లో ఏది మంచిదని అడిగేవారికి నేను ఎదురు వేసే ప్రశ్న ఇదే: ఈ వారం మీ దగ్గర కొరత దేనికి? డోసులకా, సూది వేసే చేతులకా, రోజులకా, నమ్మకానికా? జవాబును బట్టి పద్ధతి మారుతుంది. జవాబు నెలనెలకూ మారుతుంది కాబట్టి జనవరిలో సరైన పద్ధతి అక్టోబరుకు తప్పు కావచ్చు. మళ్లీ ఇలాంటి రోజులు వస్తే పంచాయతీలో, వార్డు సచివాలయంలో, అపార్ట్‌మెంట్ సంఘంలో కూర్చుని నిర్ణయాలు చేయవలసినవారికి ఈ పోలిక పనికొస్తుందని రాస్తున్నాను. ఏ టీకా ఎవరికి వేయకూడదన్నది వైద్యులు చెప్పవలసిన మాట, దాని జోలికి పోవడం లేదు.

ముందు ఎవరికి?

డోసులు తక్కువగా ఉన్నప్పుడు వచ్చే మొదటి తగవు ఇది. చనిపోయే ముప్పు ఎవరికి ఎక్కువో వారికే ముందు వేయాలన్నది ఒక వాదన. రోగాన్ని ఊరంతా తిప్పేవారిని ముందు ఆపితే పెద్దలు వాళ్లంతట వాళ్లే గట్టెక్కుతారన్నది రెండోది.

తిరుపతిలో రెండో వాదన బలంగా వినిపిస్తుంది. అలిపిరి దగ్గర జీపు డ్రైవరు, కల్యాణకట్టలో క్షురకుడు, లాడ్జి కౌంటరులో పేర్లు రాసుకునే కుర్రాడు, బస్టాండు ముందు పూలమ్మే ఆమె – వీళ్లకు రోజూ ఎదురుపడేది దేశం నలుమూలల నుంచి వచ్చిన జనం. వాళ్లకు ముందు వేస్తే ఊరికి రక్షణ, యాత్ర ఆగకపోతే ఊరికి అన్నం. ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది.

అయితే ఈ వాదన నిలవాలంటే టీకా వేయించుకున్న మనిషి నుంచి రోగం ఇంకొకరికి అంటకూడదు. కోవిడ్ టీకాలు ప్రాణం నిలపడంలో గట్టివే కానీ, అంటకుండా ఆపడంలో అంత గట్టివి కావు. ఆ శక్తి కొన్ని నెలలకు సన్నగిల్లింది, ఒమిక్రాన్ వచ్చాక మరీ తగ్గింది. అదే సమయంలో మరణం ముప్పు వయసుతో ఎలా పెరిగిందో చూడండి. టీకాలు రాకముందు సంపన్న దేశాల సమాచారంతో చేసిన విశ్లేషణలో, సోకినవారిలో మరణాలు 55 ఏళ్ల వయసు వద్ద వందకు 0.4, 65 వద్ద 1.4, 75 వద్ద 4.6గా తేలాయి. ఇరవై ఏళ్ల తేడాకు ముప్పు పదింతలు దాటింది. బ్రిటన్ తన ప్రాధాన్య వరుసలో మొదటి తొమ్మిది వర్గాలకు (యాభై దాటినవారంతా అందులో ఉన్నారు) టీకా వేస్తే ఆపగలిగిన మరణాల్లో 99 శాతం ఆపవచ్చని లెక్కగట్టింది. మన దేశమూ 2021 జనవరి 16న వైద్య సిబ్బందితో మొదలుపెట్టి, మార్చి 1 నుంచి అరవై దాటినవారికి, జబ్బులున్న 45 ఏళ్ల పైవారికి, ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ తలుపు తీసింది. ఇండోనేషియా మాత్రం 18–59 ఏళ్లవారితో మొదలుపెట్టింది. తాము వాడుతున్న టీకా పెద్దలపై ఎలా పనిచేస్తుందో చెప్పే సమాచారం అప్పటికి వాళ్ల చేతిలో లేకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం.

రెండో వాదనను కొట్టిపారేయనక్కర్లేదు. ఫ్లూ లాంటి రోగాన్ని ఇంటింటికీ మోసుకెళ్లేది పిల్లలు. జపాన్ 1962 నుంచి బడిపిల్లలకు ఫ్లూ టీకా వేసింది. ఆ కాలంలో అక్కడ ముసలివారి మరణాలు తగ్గాయని, కార్యక్రమాన్ని సడలించాక మళ్లీ పెరిగాయని తర్వాత వచ్చిన పరిశోధన చెప్పింది. అంటే వ్యాప్తిని బాగా ఆపే టీకా ఉండి, డోసులు దండిగా ఉంటే "తిప్పేవారికి ముందు" అన్నది తెలివైన ఎంపికే. రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా పెద్దలకే ముందు.

నా మొగ్గు ఇలా. కొత్త మహమ్మారిలో తొలి నెలల్లో టీకా వ్యాప్తిని ఎంత ఆపుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి పెద్దలతోనే మొదలుపెట్టండి. వాళ్లతో పాటు, మంచాన పడితే వ్యవస్థే ఆగిపోయే కొద్దిమంది: ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, అంబులెన్స్ డ్రైవరు, ఆక్సిజన్ ప్లాంటు నడిపేవారు, పారిశుద్ధ్య కార్మికులు, శ్మశానంలో పనిచేసేవారు. ఈ చివరి పేరు జాబితాలోంచి తరచూ జారిపోతుంది. ఇక జీపు డ్రైవరు, లాడ్జి కుర్రాడి విషయంలో ఇంకో మాట ఉంది. మన ఇళ్లలో అవ్వాతాతలు, కొడుకు కోడలు, పిల్లలు ఒకే వసారాలో పడుకుంటారు. లాడ్జి కుర్రాడికి ముందా, అతడి ఇంట్లో ఉన్న అవ్వకు ముందా అంటే అవ్వకే. అతడు రోగం తెచ్చినా ఆమె బతికే వీలు ఎక్కువ.

2021 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐదేళ్ల లోపు పిల్లలున్న తల్లులకు ప్రాధాన్యం ఇచ్చింది. మూడో అల పిల్లల మీద పడుతుందన్న భయం అప్పుడు గట్టిగా ఉండేది, పిల్లవాడు ఆసుపత్రిలో చేరితే తల్లి పక్కనే ఉండాలి కదా. మరణాల లెక్క ఒక్కటే చూస్తే పాతికేళ్ల తల్లికి ముప్పు తక్కువ. 45 పైబడినవారి పని సింహభాగం అయ్యాక ఇలాంటి మినహాయింపు మంచిదే, అంతకంటే ముందైతే వద్దంటాను.

ఒక డోసు వందమందికా, రెండు డోసులు యాభైమందికా?

దీనికి వాదన కంటే లెక్క మేలు. చేతిలో వంద డోసులున్నాయి. 2021లో ఇంగ్లండ్‌లో చేసిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, కోవిషీల్డ్ రకం టీకా ఒక్క డోసుతో ఆల్ఫా రకం (డెల్టాకు ముందు ప్రబలిన వైరస్) వల్ల లక్షణాలతో జబ్బు పడకుండా సుమారు 49 శాతం, రెండు డోసులతో సుమారు 75 శాతం కాపాడింది. వందమందికి ఒక్కో డోసు వేస్తే 49 మందికి కాపుదల, యాభైమందికి రెండేసి వేస్తే 37 మందికి. కాబట్టి ఒక్కో డోసు పంచడమే లాభం.

డెల్టా వచ్చాక అదే టీకా ఒక డోసుతో 30 శాతానికి, రెండు డోసులతో 67 శాతానికి దిగింది. ఇప్పుడు వందమందికి ఒక్కోటి వేస్తే 30, యాభైమందికి రెండేసి వేస్తే 33 లేదా 34. వైరస్ మారగానే లెక్క తిరగబడింది! పద్ధతులు మార్చే అధికారులు అస్తమానం చంచలబుద్ధితోనే మారుస్తారని అనుకోవద్దని చెప్పడానికి ఇంతకంటే ఆధారం అక్కర్లేదు.

ఇక్కడితో ఆగితే మళ్లీ తప్పుతాం. పై అంకెలు జ్వరం, దగ్గు వంటి లక్షణాలతో జబ్బు పడటం గురించి. ఆసుపత్రి పాలు కాకుండా ఆపడంలో ఒక్క డోసు కూడా అంతకంటే బాగా పనిచేసింది. మీ గురి పడకలు ఖాళీగా ఉంచడమైతే త్రాసు మళ్లీ ఒక డోసు వైపు ఒరుగుతుంది. అందుకని వయసును బట్టి విడదీయడం నాకు సబబుగా తోస్తుంది: అరవై దాటినవారికి రెండో డోసు గడువు తప్పకుండా, నలభై లోపువారికి కాస్త సాగదీసినా ఫరవాలేదు. అందరికీ ఒకే ఎడం అన్న నియమం కాగితం మీద సులభం, అంతే.

కొరత మరీ ముదిరితే ఇంకో దారి ఉంది, డోసునే చిన్నది చేయడం. 2016లో కాంగో రాజధాని కిన్షాసాలో పసుపు జ్వరం టీకా చాలక ఐదో వంతు డోసుతో లక్షల మందికి వేశారు. అదే ఏడాది మన దేశంలో పోలియో సూది టీకాకు కొరత వస్తే, చర్మం పొరలో వేసే ఐదో వంతు డోసు పద్ధతిని మొదట చేపట్టిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కలరా టీకాను కూడా 2022 అక్టోబరు నుంచి వ్యాప్తి అదుపు కోసం రెండు డోసులకు బదులు ఒక్కటే వేస్తున్నారు. ఇవన్నీ పరీక్షించి చూసిన టీకాలు. సొంత తెలివితో సగం సగం వేయడం పంచాయతీ చేయగల పని కాదు, చేయకూడదు కూడా.

ఎక్కడ వేయాలి?

పల్లెల్లో అసలు తేడా తెచ్చేది ఇది. నాలుగు దారులున్నాయి: పట్టణంలో పెద్ద కేంద్రం, సచివాలయంలో శిబిరం, ఊరూరా తిరిగే వాహనం, ఇంటి గుమ్మం.

ముందు ఒక చిన్న అంచనా. రెండు వేల జనాభాకు ఒక గ్రామ సచివాలయం. మన రాష్ట్రంలో అరవై దాటినవారు 2011 జనగణన నాటికే దాదాపు పదో వంతు. అంటే ఒక సచివాలయం కింద సుమారు రెండు వందల మంది పెద్దలు. కోవిషీల్డ్ వయల్‌లో పది డోసులు, కాబట్టి ఇరవై వయల్స్. ఏఎన్ఎంలు భుజాన వేసుకెళ్లే నీలం రంగు వ్యాక్సిన్ క్యారియర్‌లో నాలుగు ఐస్ ప్యాకుల మధ్య 16 నుంచి 20 వయల్స్ పడతాయి. ఒక ఊళ్లో ఉన్న పెద్దలందరి తొలి డోసూ ఒక్క పెట్టెలో పట్టేస్తుంది. పని కొండంతలా అనిపించినప్పుడు ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఆ పెట్టె సర్దడం ఒకసారి దగ్గర నుంచి చూడాలి. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకును ఏఎన్ఎం వెంటనే పెట్టెలో పెట్టదు. బల్ల మీద కాసేపు చెమర్చనిస్తుంది, తర్వాత చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంది. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపిస్తేనే పెడుతుంది. గట్టిగా గడ్డకట్టిన ప్యాకుకు ఆనుకుంటే టీకా కూడా గడ్డకట్టి పాడవుతుంది, 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. మే నెల ఎండలో వేడి గురించి అందరూ హైరానా పడతారు, గడ్డకట్టడం గురించి ఎవరికీ పట్టదు. కొత్త మహమ్మారిలో మైనస్ డిగ్రీల్లో దాచవలసిన టీకా వస్తే పల్లె శిబిరాల మాట మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకోవలసిందే.

పెద్ద కేంద్రం వేగానికి మంచిది. 2021 జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క రోజులో 13 లక్షలకు పైగా డోసులు వేశారు. అంతకు ముందు రోజుల్లో కూడబెట్టిన నిల్వ, సచివాలయాల దగ్గరున్న జాబితాలు, ఆశా కార్యకర్తల పిలుపులు – వీటివల్ల అయింది. నిల్వ ఉండి రోజులు తక్కువగా ఉన్నప్పుడు ఇలాంటి ఊపు అవసరమే. కాకపోతే దానికి రెండు ఖర్చులున్నాయి. నిల్వ ఒక్కసారే ఊడ్చుకుపోయి తర్వాతి రోజులు వెలవెలబోతాయి. పైగా ఆ రోజు కోవిషీల్డ్ వేయించుకున్నవారందరికీ 84 రోజుల గడువు ఒక్కసారే, సెప్టెంబరు 12న, పూర్తవుతుంది. అప్పుడు మళ్లీ అంత నిల్వ, అంత సిబ్బంది కావాలి. రికార్డు కొట్టిన రోజు ఫొటోలు బాగా వస్తాయి. రెండో డోసు నాటి తలనొప్పి మాత్రం ఎవరి ఫొటోలోనూ పడదు.

ఇంటి గుమ్మం దగ్గర వేయడం మరో కొస. వినగానే అందరికీ నచ్చేది ఇదే. ఒక్కసారి గడియారం పట్టుకుని చూడండి. సూది వేశాక అర్ధగంట కనిపెట్టుకుని ఉండాలి, ఒళ్లు తేడా చేస్తే ఆదుకోవాలి. దారి, పేరు నమోదు కలుపుకుంటే ఇంటికి ముప్పావు గంట. తెరిచిన వయల్‌ను నాలుగు గంటల్లో వాడేయాలన్నది 2021లో నియమం. ఆ నాలుగు గంటల్లో అయ్యేది ఐదారు ఇళ్లు, వయల్‌లో మిగిలేది నాలుగైదు డోసులు, అవి చెత్తబుట్టకు. డోసులకు కరువున్న ఏప్రిల్, మే నెలల్లో ఇది చేయరాని పని, అందుకే కేంద్రం మొదట్లో ఒప్పుకోలేదు. మంచాన ఉన్నవారికి సెప్టెంబరులో అనుమతి ఇచ్చింది, నవంబరులో "హర్ ఘర్ దస్తక్" పేరుతో ఇల్లిల్లూ తట్టమంది. అప్పటికి డోసులున్నాయి, రానిది మనుషులు. అదే పద్ధతి, మేలో తప్పు, నవంబరులో ఒప్పు.

ఈ రెండు కొసల మధ్య నేను గట్టిగా చెప్పేది అరుగు పద్ధతి. నడవలేని పెద్దలు ఒక్కో వీధిలో నలుగురైదుగురు ఉంటారు. ఎవరిదో ఒకరి ఇంటి అరుగు మీదికి వాళ్లను చేర్చండి, కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చినా సరే. అందరికీ వరుసగా వేసి అందరినీ కలిపి అర్ధగంట చూడవచ్చు. రెండు వీధులకు ఒక వయల్ సరిపోతుంది. మా వీధిలో అడుగు తీసి అడుగు వేయలేని ఒక అవ్వ, ఆసుపత్రికి రానని భీష్మించుకు కూర్చున్న మనిషి, ఎదురింటి అరుగు అనగానే చీర మార్చుకుని సిద్ధమైంది. సూది కంటే ఆమెకు ఆ ఎదురింటావిడతో మాట్లాడి నెలలయిందన్న బాధే ఎక్కువ.

తిరిగే వాహనం వీటన్నిటికంటే ఖరీదు. ఇటుక బట్టీలకు, ఊరి బయట యానాది కాలనీలకు, అడవి అంచు పల్లెలకు అదే దిక్కు. మిగతా చోట్ల దానికి డీజిల్ దండగ.

స్లాటు, వరుస, పిలుపు

2021 మే 1 నుంచి 18–44 ఏళ్లవారికి కోవిన్‌లో ముందుగా స్లాటు బుక్ చేసుకోవడం తప్పనిసరి చేశారు. వేళ్లు చురుగ్గా ఆడేవాడికి స్లాటు, మిగతావారికి ఎర్ర అక్షరాలు. నగరాల కుర్రాళ్లు కార్లేసుకుని పల్లె కేంద్రాలకు వెళ్లి వేయించుకొచ్చిన కథలు దేశమంతా వార్తల్లోకి వచ్చాయి. మే 24న ప్రభుత్వ కేంద్రాల్లో అక్కడికక్కడే నమోదుకు వీలు కల్పించారు. స్లాటు పద్ధతి కంప్యూటరు ముందు కూర్చునేవారికి న్యాయంగానే కనిపిస్తుంది. మామిడి తోపులో కాపలా కాసేవాడికి కాదు.

ఎవరు ముందొస్తే వారికి అన్న వరుస ఇంకా ప్రమాదం. టోకెన్ల కోసం జనం పోగైతే ఏమవుతుందో తిరుపతికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. గాలిలో వ్యాపించే రోగానికి టీకా వేస్తూ వందల మందిని ఒకరి మీద ఒకరు పడేలా నిలబెట్టడం రోగాన్ని పంచిపెట్టడమే.

మిగిలింది పిలుపు. జాబితా సచివాలయంలో, సమయం రాసిన చీటీ ఇంటికి. వీలైతే ముందు రోజు సాయంత్రం ఆశా కార్యకర్త నోటితో ఇంకోసారి. డోసులు తక్కువున్న రోజుల్లో దీనికి మించినది లేదు. దీనిలోనూ ఒక లొసుగు ఉంది, జాబితా రాసేవాడి చుట్టాలు ముందుకు జరుగుతారు. విరుగుడు సులభం: వయసు వరుసలో జాబితాను సచివాలయం గోడకు అంటించండి. పక్కింటి ముసలాయన వయసెంతో ఊళ్లో అందరికీ తెలుసు.

దీనికి తోడుగా మిగులు జాబితా ఒకటి పెట్టుకోండి. మధ్యాహ్నం మూడింటికి వయల్‌లో రెండు డోసులు మిగిలితే పది నిమిషాల్లో నడిచి రాగలిగినవారి పేర్లు అవి. వయల్‌లో కాస్త ఎక్కువే నింపుతారు కాబట్టి నేర్పున్న చేతికి పదకొండో డోసు కూడా వస్తుంది. కేరళ నర్సులు అలా తమకు అందిన లెక్క కంటే ఎక్కువ డోసులు వేశారు. డోసుల కరువులో నేర్పున్న ఏఎన్ఎం విలువ అది.

ఏ కంపెనీ టీకా అన్న తర్జనభర్జన మీద ఎక్కువ సమయం పెట్టను. ముందు దొరికింది వేయించుకోవడమే అప్పట్లో సరైన ఎంపిక. ప్రైవేటు ఆసుపత్రుల్లో 2021 జూన్‌లో కోవిషీల్డ్ 780, కోవాగ్జిన్ 1,410, స్పుత్నిక్ వి 1,145 రూపాయలుగా గరిష్ఠ ధర కట్టారు. డబ్బున్నవారు అటు పోతే ప్రభుత్వ వరుస కాస్త తగ్గింది, అంతవరకు మేలే.

చుట్టూ కంచె కట్టే పద్ధతి

రోగి కనబడగానే అతడి ఇంటివారికి, కలిసినవారికి వేసి రోగాన్ని అక్కడే బిగించడం. మశూచిని మన దేశం నుంచి 1975లో తరిమింది ఈ పద్ధతే, 2015లో గినియాలో ఎబోలా టీకాను పరీక్షించింది కూడా ఇలాగే. మశూచి రోగి ఒంటి మీద పొక్కులు చూసి గుర్తుపట్టవచ్చు, సోకిన మూడు నాలుగు రోజుల్లో టీకా వేసినా పనిచేసేది. కోవిడ్‌లో లక్షణాలు రాకముందే అంటుతుంది, టీకా పనిచేయడానికి రెండు వారాలు. కంచె కట్టేసరికి చేను మేసేసి ఉంటుంది. వచ్చే మహమ్మారి ఏ జాతిదో చూసుకుని దీన్ని తీసుకోవాలి. కోవిడ్ జాతిదైతే దీని మీద చేతులను ఖర్చు పెట్టొద్దు.

బలవంతమా, నచ్చజెప్పడమా?

2021 దసరా నాటికి కొరత డోసులకు కాదు, నమ్మకానికి. మిగిలినవారు మూడు రకాలు: భయపడేవారు, తీరిక లేనివారు, అసలు ఎవరి జాబితాలోనూ లేనివారు. మూడింటికీ ఒకే మందు వేయబోవడమే ఎక్కువ చోట్ల జరిగిన పొరపాటు.

టీటీడీ 2021 సెప్టెంబరులో దర్శనానికి రెండు డోసుల ధ్రువపత్రం, లేదంటే మూడు రోజుల లోపు చేయించుకున్న నెగటివ్ పరీక్ష ఫలితం అడిగింది. ఇందులో నాకు నచ్చింది "లేదంటే" అన్న వెసులుబాటు. తలుపు మూయలేదు, టీకా దారిని తేలిక చేసింది. రేషను, పింఛను ఆపుతామని బెదిరించడం వేరు. దర్శనం వాయిదా వేసుకోవచ్చు, బియ్యం వాయిదా వేసుకోలేరు. 2022 మే 2న సుప్రీంకోర్టు ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని, అప్పటి పరిస్థితిలో వేయించుకోనివారిపై పెట్టిన ఆంక్షలు తగిన మోతాదులో లేవని చెప్పింది. తీరిక లేనివారి మీద ఆంక్ష కొంత పనిచేస్తుంది. భయపడేవారి మీద పనిచేయదు, వాళ్లు ఇంకా లోపలికి ముడుచుకుంటారు.

భయానికి తెలిసిన మొహం కావాలి. ఎముక విరిగితే మన జిల్లాల వారే కాదు, తమిళనాడు నుంచి కూడా పుత్తూరు కట్టుకు వస్తారు. ఎక్స్‌రే చూసి రారు, తమ తాతకు కట్టు కట్టిన కుటుంబమని వస్తారు. మైకులో కలెక్టరు మాట వినని మనిషి, తన కూతురి కాన్పు నాడు పక్కనున్న ఏఎన్ఎం మాట వింటాడు. నగరి, సత్యవేడు వైపు ఆ మాట తమిళంలో చెప్పగలిగిన మనిషి కూడా ఉండాలి.

జాబితాలో లేనివారి సంగతి తిరుపతికి ప్రత్యేకం. కపిలతీర్థం దారిలో, రైల్వే స్టేషను ముందు పడుకునే సాధువులు, బిచ్చగాళ్లు ఏ సచివాలయానికీ చెందరు. ఆధార్ లేనివారికి కూడా వేయవచ్చని కేంద్రం 2021లోనే మార్గదర్శకాలిచ్చింది. వాళ్లను లెక్కలోకి తీసుకోకుండా "మా వార్డు నూరు శాతం" అని బ్యానరు కట్టడం సులభం. వీళ్లకు ఒక డోసుతో తెమిలే టీకా ఉంటే అదే ఎంచుకోండి. రెండో డోసుకు మళ్లీ దొరుకుతారన్న ఆశ వద్దు.

చేతుల లెక్క, తేదీల లెక్క

ఏ పద్ధతి ఎంచుకున్నా వేసేది అదే ఏఎన్ఎం. ఆమె కోవిడ్ శిబిరంలో ఉంటే పసిపిల్లల టీకా రోజు ఏమవుతుంది? దేశంలో ఒక్క డోసు డీపీటీ కూడా పడని పిల్లలు 2021లో 27 లక్షల మంది అని యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థల అంచనా. 2022లో అది 11 లక్షలకు తగ్గింది. కాబట్టి పిల్లల టీకా రోజును ఏ మెగా డ్రైవ్ కోసమూ రద్దు చేయొద్దు. పేరు నమోదుకు, జనాన్ని కూర్చోబెట్టడానికి డిగ్రీ కళాశాల ఎన్ఎస్ఎస్ పిల్లలు చాలు. సూది చేతిని సూదికే ఉంచండి.

తేదీలు నిర్ణయించేటప్పుడు ప్రభుత్వ క్యాలెండరు కంటే ఊరి పనుల క్యాలెండరు చూడండి. మేలో గంగమ్మ జాతర వారం తిరుపతిలో పెద్దల శిబిరం పెడితే కుర్చీలు ఖాళీ. జూన్, జూలైలో చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి కాయ కోతకొస్తుంది, గుజ్జు ఫ్యాక్టరీలు రాత్రింబవళ్లు నడుస్తాయి. అప్పుడు శిబిరం ఫ్యాక్టరీ గేటు దగ్గర, షిఫ్టు మారే వేళకు ఉండాలి. బ్రహ్మోత్సవాలకు కనీసం మూడు వారాల ముందే పట్టణంలో పని ముగించాలి, టీకా ఒంటికి పట్టడానికి రెండు వారాలు కావాలి కదా. నగరి మగ్గాల మీద కూలి నేసినదాన్ని బట్టి వస్తుంది. టీకా మర్నాడు జ్వరమొస్తే ఆ రోజు కూలి పోయినట్టే, అందుకే అక్కడివారు రేపు, ఎల్లుండి అంటూ దాటేస్తారు. మగ్గాలకు సెలవున్న రోజుకు ముందు సాయంత్రం, దీపాలు పెట్టాక శిబిరం పెట్టండి. వెళ్లేటప్పుడు పారాసెటమాల్ మాత్రలు, జ్వరం రెండు రోజులు దాటితే ఎవరికి ఫోను చేయాలో ఆ నంబరు రాసిన చీటీ చేతికివ్వండి. అర్ధరాత్రి మోగినా ఆ ఫోను ఎత్తే మనిషి ఎవరో ముందే ఖాయం చేసుకోండి.